సరుగుడు తోపులో మేకులు

పామర్రులో ఉన్న మా అక్కయ్యకి నీ చెల్లెలు రత్నం దణ్ణం పెట్టి రాస్తున్నాను. నీ మోకాలి వాపు తగ్గిందా? బావగారు దగ్గు మందు వేళకి తాగుతున్నారా, లేక సీసా అలమారలో పెట్టి మర్చిపోతున్నారా? ముందు ఈ రెండూ నాకు రాయించు. మొన్న ఫోన్ చేస్తే నీకు వినపడక, నాకు అరిచే ఓపిక లేక, పక్కవాళ్ళు మనం పోట్లాడుకుంటున్నామనుకున్నారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నా చదువు మూడో క్లాసుతో ఆగిందని నీకు తెలుసు, వంకరగా ఉన్నా ఓపిగ్గా చదివించుకో.

నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు. కుమారి నన్ను బాగా చూసుకుంటోంది. అల్లుడుగారు ఒక్కమాట అనే మనిషి కాదు. బెజవాడ వదిలి వచ్చి నాలుగు నెలలైందా, ఇంకా ఒంటికి పడలేదు. భవానీపురంలో కృష్ణ మీంచి వచ్చేది చల్లగాలి. ఇక్కడ సముద్రపు గాలి మనిషిని వెనకనుంచి నెట్టినట్టే ఉంటుంది. ఉప్పు డబ్బాలో ఉప్పు నీరుగారిపోతుంది, అప్పడాలు ఎండబెడితే సాయంత్రానికి మెత్తబడతాయి, కిటికీ గొళ్ళేలు తుప్పు పడతాయి. నా మోకాళ్ళు కూడా అలాగే అవుతాయేమోనని భయం. అయినా బాగానే ఉన్నాను.

ఊరు చిన్నదే. బందరు దాటి ఇంకా లోపలికి రావాలి. ఆదివారం వచ్చిందంటే బస్సులు, కార్లు. ఎక్కడెక్కడి వాళ్ళో సముద్రం చూడటానికి వస్తారు. నేను కుమారి వాళ్ళ బట్టల కొట్టు ముందు స్టూలు వేసుకుని వాళ్ళనే చూస్తూంటాను. చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళలోకి దిగి అరుస్తారు. ఓ అరగంట అయ్యాక ఎండకి తట్టుకోలేక వెనక్కి వస్తారు. అప్పుడు అందరికీ మూడే కావాలి, నీడా, టీ, బాత్‌రూమూ. అంత దూరం నుంచి వచ్చి అంత తొందరగా ఎందుకు తిరిగొస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నీడ అంటే ఇక్కడ ఒక్కటే ఉంది. రోడ్డుకీ ఇసకకీ మధ్య సరుగుడు తోపు. అందులోనే పొద్దున్నే మా వీధి నాంచారయ్య మగ్గానికెక్కించే నిలువు పోగులు, పడుగు సాగదీసుకుంటాడు. ఆయనా భార్యా రెండు మగ్గాలు నేస్తారు, మన కుమారి కొట్టుకి చీరలూ తువ్వాళ్ళూ ఇచ్చేది వాళ్ళే. నేను వచ్చిన వారానికే వాసన పట్టేశాను. గంజి వాసన అక్కయ్యా! మన నాన్న వీధి పొడుగునా పడుగు సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతూంటే మనం వెనకాల పరిగెత్తేవాళ్ళం కదా, అదే వాసన. అప్పటినుంచి రోజూ తెల్లారగానే వెళ్ళి చూస్తున్నాను. అతుక్కుపోయిన పోగులు విడదీసి ఇస్తాను. నాంచారయ్య నన్ను పిన్నిగారూ అంటాడు.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను, కంగారు పడకు. కుమారి వాళ్ళ కొట్టు అద్దెది. ఆ ఇంటాయన దాన్ని పడగొట్టి లాడ్జి కట్టుకుంటానని ఖాళీ చెయ్యమన్నాడు. ఈ లోగా బందరు మునిసిపాలిటీ వాళ్ళు సముద్రం దగ్గర కొత్తగా కొట్లు కట్టి ఇస్తామన్నారు. అల్లుడుగారు దరఖాస్తు పెట్టారు. అది వస్తే ఇక్కడే ఉంటారు, రాకపోతే మళ్ళీ గవర్నర్‌పేటలో ఎవరి కొట్లోనో గుమస్తాగా నిలబడాలి. ఆ ఉద్యోగం వదిలి సొంతంగా నిలబడదామనే కదా ఇంత దూరం వచ్చింది. కుమారి రోజూ దేవుడికి దీపం పెట్టి ఆ కొట్టు గురించే దణ్ణం పెట్టుకుంటోంది. కొట్లు కట్టేది ఎక్కడో మాత్రం నన్నెవరూ అడగలేదు, నాకెవరూ చెప్పలేదు.

ఒకరోజు తెల్లారి వెళితే తోపులో నేలలోకి పొడుగాటి ఇనప మేకులు కొట్టి ఉన్నాయి. వరసగా, చక్కగా, తలలకి ఎర్ర రంగు కూడా. నాంచారయ్య తాడు కట్టే చెట్టు మొన్న గాలికి పడిపోయింది, నాలుగు మేకులు కొట్టించండని మునిసిపాలిటీకి అర్జీ పెట్టుకున్నానని ఆయన అంతకుముందే నాతో అన్నాడు. నేను సంతోషం పట్టలేక వాళ్ళింటికి వెళ్ళి, "నాయనా, నీ అర్జీ పనిచేసింది! నాలుగడిగితే ఇన్ని కొట్టారు" అన్నాను. ఆయన పరిగెత్తుకుంటూ వచ్చి చూసి, "రంగు కూడా వేశారే పిన్నిగారూ, మన మొహాలకి ఇంత మర్యాదా!" అని నవ్వి, పడుగు ఈ చివర మేకు నుంచి ఆ చివర మేకుకి సాగదీసి బిగించేశాడు. గంజి పట్టించడం కూడా అయిపోయింది.

అప్పుడు జీపు వచ్చింది. అందులోంచి మునిసిపాలిటీ ఆఫీసరమ్మా, చుట్టిన కాగితం పట్టుకుని ఓ ఇంజినీరూ దిగారు. వెనకాల దరఖాస్తు పెట్టినవాళ్ళు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చారు, మన అల్లుడుగారు కూడా. ఆ మేకులు కొట్లకి గుర్తుగా పాతినవి అక్కయ్యా!

"ఎవరయ్యా ఇది కట్టింది? విప్పు విప్పు" అన్నాడు ఇంజినీరు.

"తడిమీద ఉందండీ. ఇప్పుడు విప్పితే పోగులన్నీ అంటుకుని ముద్దయిపోతాయి. ఆరేదాకా ఆగాలండీ" అన్నాడు నాంచారయ్య.

"అసలు మా మేకులకి కట్టమని నీకెవరు చెప్పారు?"

నాంచారయ్య నావైపు చూడలేదు. "నాకే తోచిందండీ" అన్నాడు. నా మీద మాట రాకుండా కాశాడు, చూడు. నేను అప్పటిదాకా చెట్టు చాటునే నిలబడి ఉన్నాను. ఇంక ఉండలేకపోయాను.

"నేనే చెప్పానమ్మా. ఆయన తప్పేం లేదు" అన్నాను.

అల్లుడుగారు తల దించుకున్నారు. సోడాలమ్మే అతను ఒకడు, "మునిసిపాలిటీ మేకులకి గంజి పెట్టించింది మామ్మగారు! ఈవిణ్ణే ఇంజినీరుగా వేసుకోండి మేడమ్" అన్నాడు. అందరూ నవ్వారు. ఆఫీసరమ్మ కూడా నవ్వింది గానీ వెళ్ళిపోలేదు. ఆరేదాకా చూద్దామని కుమారి తెచ్చిన కుర్చీలో కూర్చుంది.

ఈలోగా ఓ బస్సు ఆగింది. అందులోవాళ్ళు సముద్రం వైపు సగం దూరం వెళ్ళి, పడుగు చూసి వెనక్కి తిరిగారు. ఇదేంటి, ఇన్ని పోగులు చిక్కుపడకుండా ఎలా ఉంటాయి, ఒక చీరకి ఎంత కావాలి అని ఒకటే ప్రశ్నలు. ఒకమ్మాయి కుంచె ఇటివ్వండి అని తీసుకుని దువ్వబోయింది, నాంచారయ్య భార్య గుండె పట్టుకుంది. ఆఫీసరమ్మ అదంతా చూస్తూ, "దీన్ని వేరే చోట వేసుకోలేరా?" అంది.

"ఈ చెట్లు దాటితే గాలికి పోగు నిలవదండీ. కావాలంటే తమరు అటు వెళ్ళి చూడండి" అన్నాడు నాంచారయ్య.

ఆవిడ నిజంగానే లేచి ఇసకలోకి వెళ్ళింది. పమిట ఎగిరి మొహానికి కొట్టుకుంది. చెట్లలోకి రాగానే పమిట భుజం మీద పడింది. ఇంకోసారి వెళ్ళి వచ్చింది, చిన్నపిల్లలాగా. తర్వాత నన్ను పిలిచి, "మామ్మగారూ, మీ అల్లుడు కూడా కొట్టుకి దరఖాస్తు పెట్టారటగా. మీకు కొట్టు వద్దా?" అంది.

"కావాలమ్మా, మాకు అదే ఆధారం. కానీ ఈ చెట్లు కొట్టేస్తే కొట్లో పెట్టుకోవడానికి చీర ఎక్కడినుంచి వస్తుంది? వచ్చినవాళ్ళు ఎక్కడ నిలబడి కొంటారు?" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు.

ఆఫీసరమ్మ చెప్పిందని ఇంజినీరు కాగితం మళ్ళీ గీశాడు. కొట్లు తోపులో కాదు, రోడ్డవతల చెత్త పోసే దిబ్బ మీద కడతారట. తోపులో చెట్టు ముట్టుకోరట. కానీ ఆ దిబ్బ ఇరుకు, పన్నెండు కొట్లు అనుకున్నవి అయిదే పడతాయి. చీటీలు వేశారు. మనకి రాలేదు.

అక్కయ్యా, నా మూలానే కదా? పన్నెండు ఉంటే ఒకటి వచ్చేదేమో. కుమారి నాతో మామూలుగానే ఉంది, కళ్ళు మాత్రం వాచి ఉన్నాయి. అల్లుడుగారు రెండు రోజులు అన్నం వడ్డిస్తే చాలు అనేవారు, అంతే. నేను సంచీ సర్దుకున్నాను. ఎక్కడికి వెళ్ళాలో తెలీకుండానే సర్దుకున్నాను.

నిన్న సాయంత్రం ఆయన గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ, "అత్తయ్యగారూ" అన్నారు. "చెట్లకింద తోపుడు బండి పెట్టుకోవడానికి మునిసిపాలిటీలో అడిగి వచ్చాను. మధ్యాహ్నం దాకా ఉండనిస్తారట. బండి నేను తోస్తాను. ఆ పడుగు గురించి వచ్చినవాళ్ళు అడిగేవన్నీ నాకు చెప్పడం రాదు. మీరు వచ్చి నా పక్కన కూర్చుంటారా?" అన్నారు.

నేను తలూపాను. కుమారి లోపలినుంచి వచ్చి నా సంచీలోంచి చీరలు తీసి మళ్ళీ అలమారలో పెట్టింది.

బండి మీద బతుకు వెళ్తుందో లేదో నాకు తెలీదు. వాన వస్తే ఎలా, గాలికి గుడ్డ ఎగిరిపోతే ఎలా, ఎవరైనా ఇంగ్లీషులో అడిగితే నేనేం చెప్పను, ఇలా వంద భయాలు. ముందు రేపటి రోజు గడవనీ. వీలైతే నీ దగ్గర పాత నేత తుండుగుడ్డలు రెండు ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళతో పంపించు, బండి మీద దుమ్ము తుడవడానికి.

బావగారికి నా నమస్కారాలు చెప్పు. మన ఇంట్లో పెద్దదానివి నువ్వే మిగిలావు, మా ముగ్గురినీ దీవించు, అల్లుడుగారిని ఇంకొంచెం ఎక్కువ దీవించు. తెల్లారకముందే లేవాలి, నాంచారయ్య కొత్త పడుగు వేస్తున్నాడు.

నీ చెల్లెలు
రత్నం