వాళ్లన్న గిటారులో పాత పికప్

అనంతపురం, మే నెల, 1984. మంగళవారం.

వాళ్లన్న పోయినప్పటి నుంచి ప్రభుదాసు ఆయన ఎలక్ట్రిక్ గిటారునే చర్చిలో వాయిస్తున్నాడు. పోయిన వారం అది పలకడం మానేస్తే నా దగ్గరికి తెచ్చాడు. నేను బావి మోటార్లకు రాగితీగ చుట్టేవాణ్ణి, మోటారు ఆగిందంటే పాత చుట్టు కోసెయ్యడమే అలవాటు. తీగల కింద ఉండి వాటి శబ్దాన్ని పట్టే, సన్నతీగ చుట్టిన పికప్‌నూ అలాగే కోసేశాను. తీరా చూస్తే బయటి టంకం ఊడింది, అంతే.

ఈరోజు బెంగళూరు నుంచి తెప్పించిన రెండు పికప్‌లూ పెట్టి ప్రభుదాసుకు వినిపించాను. ఒకటి కీచుమంటోంది, ఒకటి బొంగురు.

"ఏది బాగుండాదప్పా?"

"ఏదో ఒకటి బిగించన్నా. రెండిట్లోనూ మాయన్న లేడు. పాతది కాలిపోతే నువ్వేం జేస్తావులే."

కాలిపోయిందని చెప్పింది నేనే. బొంగురుది బిగించాను. ఆదివారం చర్చికొచ్చి వినమన్నాడు. వస్తానన్నాను. ఏ మొహంతో వినాలో...