మైకు ఆపేసిన సభ

ఆదివారం, బండారులంక.

మోకాళ్ళు లాగేస్తున్నాయి. ఇల్లిల్లూ తిరిగి నెలరోజులు బతిమాలితే, మా మనవరాలు సుజాతలా ఆటిజం ఉన్న పిల్లల కుటుంబాలు ఐదు ఇవాళ కమ్యూనిటీ హాల్లో కలిశాయి.

చప్పుడు ఈ పిల్లలకు పడదు. అది చెప్పినా మా ఊరివాళ్ళు పెద్ద సౌండు బాక్సులు పెట్టించారు. మైకు లేకపోతే వచ్చిన పంచాయతీ ప్రెసిడెంటుగారికి మర్యాద తక్కువట.

"హలో, హలో" అనగానే సుజాత చెవులు మూసుకుని బల్ల కిందకు దూరింది. అంబాజీపేట నుంచి వచ్చిన ఆవిడ ఏడుస్తున్న కొడుకును ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్ళిపోయింది.

"మాకు కుదరదండీ, ఇంక రామండీ" అంది.

ఒకరు వెళితే మిగతావాళ్ళూ వెళ్ళిపోతారు. నలుగురిలో నాకు నోరు పెగలదు. లేచి వెళ్ళి స్విచ్చి ఆపేశాను.

"అదేంటండీ బాబాయ్‌గారూ, ప్రెసిడెంటుగారు మాట్లాడాలి కదండీ" అన్నాడు మైకతను.

"చాప మీద కూర్చుని మాట్లాడమనండి" అన్నాను.

ప్రెసిడెంటుగారు నిజంగానే వచ్చి కూర్చున్నారు. తెచ్చుకున్న కాగితం జేబులో పెట్టేశారు. కాసేపటికి మెల్లగా, "మా అక్క కూడా ఇలాగే ఉండేదండీ. చుట్టాలొస్తే గదిలో పెట్టి గడియ వేసేసేవోళ్ళం" అన్నారు.

అంబాజీపేట ఆవిడ వెనక్కి వచ్చి కూర్చుంది.

సుజాతను బయటికి రమ్మని ఎవరూ లాగలేదు. ప్రెసిడెంటుగారే వంగి టీ గ్లాసు బల్ల కిందకు అందించారు. తాగింది.

నాకు డెబ్బై నాలుగు. నేను లేని రోజున కూడా సుజాత కోసం ఎవరో ఒకరు అలా వంగుతారా అని...