ప్లీడరు కోసం చీట్లు

తడ,
12-9-1958

అన్న రమణయ్యకు చెల్లెలు నాగులమ్మ నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ అత్తా క్షేమం. అలా రాయకపోతే ఉత్తరం మొదలుకాదు కాబట్టి రాశాను. వదినకు జ్వరం తగ్గిందని తెలిసి ఊరట కలిగింది.

మద్రాసులో నువ్వు కాళ్లరిగేలా తిరిగి కుదిర్చిన బారిస్టరును కాదని, నెల్లూరులో పేరూ ఊరూ లేని జయకుమార్ ప్లీడరును ఎందుకు పెట్టుకున్నారని కోప్పడ్డావు. సరస్సులో మన వంతు నీళ్లలో పక్క ఊరివాళ్లు వల దించిన రోజు జరిగిన గొడవలో, మీ బావ పడవ గెడ దెబ్బకు ఒక మనిషి పోయాడు. హత్య కేసు పెట్టి మూడు నెలలుగా జైల్లో ఉంచారు. నీ కోపం న్యాయమే.

సరస్సులో ఎవరి వంతు ఎప్పుడో చీట్లు వేసి తేల్చడం మన అలవాటు కదా. ప్లీడరు విషయంలోనూ పెద్దలు అదే చేశారు. బారిస్టరని కొందరు, గూడూరు ప్లీడరని కొందరు, జయకుమార్ గారని కొందరు పట్టుబడితే, ముత్యాలయ్య తాత "మీకెందుకురా, గంగమ్మనే అడగండి" అన్నాడు. అమ్మ ముందు మూడు చీట్లు వేశారు. జయకుమార్ గారి పేరు వచ్చింది.

చీట్లకు ముందే ముగ్గురి దగ్గరికీ పెద్దలతో నేనూ వెళ్లాను. బారిస్టరు గారు మా ముఖమైనా చూడకుండా, ఆ రోజు మీ బావ ఊళ్లోనే లేడని పదిమంది చేత చెప్పిస్తే చాలన్నారు. చూసినవాళ్లు యాభైమంది! గూడూరాయన సగం విని గడియారం చూసుకున్నాడు. జయకుమార్ గారు మాత్రం జైలుకు వెళ్లి, "కొట్టినావా?" అని అడిగారట. మీ బావ ఏడ్చి, "కొట్టినా సారూ. ముందు వాడే నా నెత్తిన కొట్టినాడు" అన్నాడట. జుట్టు పాయలు తీసి ఆ గాయం మచ్చ చూసింది ఆయనొక్కడే.

ఇప్పుడు అసలు మాట. చదివి చింపెయ్యి. అక్షరాలొచ్చినదాన్నని చీట్లు నాచేత రాయించారు. మూడింటిమీదా జయకుమార్ పేరే రాశాను. మిగిలినవి విప్పకుండా నీళ్లలో వేసే ఆనవాయితీ నన్ను కాపాడింది. అవి మునిగేదాకా గట్టుమీదే నిలబడి చూశాను. అప్పటినుంచి అలల చప్పుడు విన్నా భయమే. గంగమ్మను మోసం చేసింది నేను. ఆ శిక్ష మీ బావకు పడితే?

నిన్న జైలుకు వెళ్లాను. మూడు నెలల్లో మొదటిసారి మీ బావ నవ్వాడు.

"అమ్మే ప్లీడర్ని ఇచ్చింది. ఇంక నాకు భయం లే. ముందు వాడు కొట్టినాకే కొట్టినానని కోర్టులో ఒప్పుకోమన్నాడు సారు. అమ్మ మాట కదా, ఒప్పుకుంటా" అన్నాడు.

చెప్పేద్దామని నోరు తెరిచి, "అన్నం సరిగ్గా పెడతా ఉండారా?" అని అడిగి వచ్చేశాను.

22వ తేదీ సోమవారం మీ బావ కోర్టులో ఆ మాట చెబుతాడు. తరువాత తీర్పు. ఎలాగైనా రా అన్నా. ఉరి అన్నారంటే, ఆ మాట చెప్పించింది గంగమ్మ కాదు, నేనని ఆయనకు చెప్పాలి. అప్పుడు నన్ను పట్టుకోవడానికి నువ్వుండాలి.

ఇట్లు,
నీ చెల్లెలు
నాగులమ్మ