బాతుల పర్దా ముందు కూర్చున్న పాపకు

మంచిర్యాల,
2025 నవంబర్ 9, ఆదివారం.

కొమ్మెర పర్శరాములు అను నేను, తండ్రి రాజమల్లు, వయసు 68 సంవత్సరాలు, బొగ్గుబాయిల్లో ముప్పై నాలుగేండ్లు సర్వేయర్‌గా చేసి రిటైరైనవాణ్ని, మంచిర్యాలలోని నా సొంత ఇంట్లో కూర్చుని నా చేతితో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. నా మతి సరిగనే ఉన్నది. ఈ మాట నేనే చెప్పుకుంటే చెల్లదేమోనని డాక్టర్ దగ్గర కాగితం రాయించి దీనికి జతచేసిన. అక్షరాలు వంకర పోతున్నయ్, అది చెయ్యి వణుకుడు. మతి వణికిందని ఎవరూ అనుకోవద్దు.

వచ్చే సోమవారం, 17వ తారీకున, హైదరాబాద్‌ల నాకు గుండె ఆపరేషన్. నూటికి తొంభై ఐదు మంది లేచి నడుస్తరని డాక్టర్ ధైర్యం చెప్పిండు. నాకు ఆ మిగిలిన ఐదుగురే కండ్ల ముందట తిరుగుతున్నరు.

ఇది రాయమని నన్ను ఎవరూ బలవంతం చెయ్యలే. ఇట్లాంటివి రాస్తే అపశకునమని నా భార్య రోజారాణి నిన్నటి నుంచి నాతో మాట్లాడ్తలేదు. ఇంట్ల ఏమన్న ఒత్తిడి ఉంటే, రాయొద్దనే ఉన్నది. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలే. కాబట్టి రద్దు చేసేది కూడా ఏమీ లేదు.

1. ఈ ఇల్లు, బ్యాంకుల ఉన్నది, ఇంట్ల ఉన్నది సమస్తం నా స్వార్జితం. నా తదనంతరం ఇవన్నీ నా భార్య రోజారాణికి సర్వహక్కులతో చెందవలెను. ఆమె తర్వాత మా బిడ్డ భూమికకు చెందవలెను. రోజారాణికి మా పెండ్లి ఫోటో కూడా ఇస్తున్న. గోడ మీది నీడను బట్టి అది పొద్దున తొమ్మిదిన్నరకు తీసిన ఫోటో అని నేను లెక్కగట్టి చెప్పిననాడు, "గప్పుడు నాకెంత ఆకలైతుండెనో గది నీ లెక్కల రాదు" అన్నది. వెనక నేను రాసిన టైం చెరిపేసి ఆమె మాటే రాసిపెట్టిన. ఆమె ఇంకా చూడలే.

2. నా తమ్ముడు రాజ్‌కుమార్‌కు నా టేబుల్ మీది పెద్ద కత్తెర ఇస్తున్న. మమ్మల్ని కన్న మా అవ్వ సంవత్సరీకం ఫ్లెక్సీ కోసం వాడు ఇంట్ల ఉన్న ఒక్క గ్రూప్ ఫోటోలోంచి అవ్వ మొఖం కత్తిరించిండు, మిగతాది పారేసిండు. అవ్వ పక్కన నిలబడ్డ మా మేనత్త ఎట్ల ఉండెనో ఇప్పుడు మా వంశంల ఎవరికీ తెల్వదు. అడిగితే "సచ్చినోళ్ల మొఖాలతోని ఏం పని అన్నా" అన్నడు. ఈ కత్తెర బట్టకు వాడుకోవచ్చు, కాగితానికి వాడుకోవచ్చు. ఫోటోలకు మాత్రం వాడొద్దు. ఇది షరతు.

3. ఇనుప పెట్టెలు రెండు, వాటిలో ఉన్న నెగెటివ్‌లు పదకొండు వందల నలభై. వీటి సంగతి కొంచెం చెప్పాలె.

ఉట్నూర్‌ల సర్దార్ భాయ్ అని ఒకాయన 1971 నుంచి 1999 దాకా ఫోటో స్టూడియో నడిపిండు. అడవి ఊర్ల నుంచి జీపులెక్కి వచ్చిన జనమంతా ఆయన కుర్చీల కూసొని ఫోటో దిగినోళ్లే. ఆయన పోయినంక ఆయన భార్య అక్బరీ బేగం ఈ పెట్టెలతోని మంచిర్యాలకు, కొడుకు ఫర్దీన్ దగ్గరికి వచ్చింది. నా ఫోన్ అద్దం పలిగి ఫర్దీన్ దుకాణానికి పోయిననాడు పెట్టెలు కండ్లబడ్డయ్. "గిందుల ఉన్నోళ్లెవరో మా అమ్మీకి గూడ తెల్వదు అంకుల్, పారెయ్యనీకి మనసైతలేదు" అన్నడు. ఇంటికి తెచ్చుకున్న. తర్వాత జగిత్యాల స్కూల్ టీచర్ నిఖిత నాతో కలిసింది. ఒక్కొక్క బొమ్మను ఫోన్‌కెక్కించి "గీళ్లెవలు?" అని ఒక గ్రూప్ పెట్టింది. ముక్కుపుడక చూసి ఊరు పట్టినం, పలక మీది అక్షరాలు చూసి బడి పట్టినం, జీపు మీది గీత చూసి డ్రైవర్‌ను పట్టినం. ఆరేండ్లల్ల తొమ్మిది వందల ఇరవై ఎనిమిది బొమ్మలకు పేర్లు దొరికినయ్. రెండు వందల పన్నెండు మిగిలినయ్.

అక్బరీ బేగం రాసిచ్చిన కాగితం ప్రకారం ఈ పెట్టెలు నావి. నా తదనంతరం నిఖితకు చెందవలెను. ఈ వీలునామా అమలుకర్త కూడా ఆమెనే. నిఖితా, కింది పెట్టెల నెగెటివ్‌లు పులిసిన వాసన వస్తున్నయ్. అవి ఒక్కసారి వంకర పోయినయంటే మళ్ల మొఖం కనబడదు. ముందు వాటినే ఫోన్‌కెక్కియ్. వానకాలం దాకా ఆగకు. ఆ మొఖాలను గుర్తుపట్టే ముసలోళ్లు కూడా ఏడాదికి పదిమంది పోతున్నరు. రెండు దిక్కుల నుంచీ చెరిగిపోతుంటే నాకు కూసున్నకాడ కుదురు ఉంటలేదు.

4. అన్నిటికన్న నన్ను తినేస్తున్న సంగతి ఇది.

ధర్మపురిలో సత్తవ్వ అనే ఆమె ఉన్నది. నాకన్న ఏడాది పెద్ద. అక్కా అని పిలుస్త. ఆమె భర్త బుచ్చిరాములు ఎడ్ల బేరగాడు. ఉట్నూర్ అంగడికి వచ్చిపోయేటోడు. 1978 వానకాలం ఒకనాడు పొద్దున మొగడు పెండ్లాలు కొట్లాడుకున్నరు. సత్తవ్వ కోపంల "పోతె పో, గోదాట్ల దుంకు" అన్నది. ఆయన పోయిండు, మళ్ల రాలే. సాయంత్రం ఆయన చెప్పులు, కండువ ఒడ్డు మీద దొరికినయ్. గోదావరి నిండుగ పారుతున్నది, పీనుగ దొరకలే. "నీ నోరే మింగింది నా కొడుకును" అని అత్త వాడకట్టు వాడకట్టంత వినేటట్టు అరిచింది. పదకొండో దినం సత్తవ్వ గాజులు పలగ్గొట్టిన్రు. అప్పుడామెకు ఇరవై రెండేండ్లు. కొడుకు సంపత్‌కు ఏడాది నిండలే. ఆనాటి నుంచి ఆమె గోదావరిల కాలు పెట్టలే. పుష్కరాలకు లోకమంతా ఆమె ఊరికొచ్చి మునుగుతుంటే, ఆమె ఇంట్ల బోరింగ్ నీళ్లు పోసుకున్నది.

మూడేండ్ల కింద నిఖిత గ్రూప్‌ల ఒక బొమ్మ పెట్టింది. కుర్చీల ఒక మనిషి, ఆయన ఒళ్లో నాలుగేండ్ల ఆడపిల్ల. పిల్ల నడుము చుట్టు వేసిన ఆయన ఎడమ చేతికి చివరి రెండు వేళ్లు లేవు. ఆ గ్రూప్‌ల ఉన్న సంపత్ అది చూసి తల్లికి చూపెట్టిండు. బుచ్చిరాములు వేళ్లు చెరుకు గానుగల పోయినయట. ఆ ఇంట్ల ఆయన ఫోటో ఒక్కటి కూడా లేకుండె. తండ్రి మొఖం ఎట్లుంటదో సంపత్‌కు నలభై ఐదేండ్లు వచ్చేదాకా తెల్వదు. సత్తవ్వ ఫోన్ మీద చెయ్యిపెట్టి నిమిరింది. అద్దం మీద వేలు తాకి బొమ్మ జరిగిపోతుంటే మళ్ల మళ్ల దగ్గరికి తెచ్చుకున్నది. "ఆయనే" అన్నది.

ఆయనే. అందుల అనుమానం లేదు. నా తప్పు వేరే కాడ ఉన్నది. ఇది ఏ ఏడాదిది సార్ అని సంపత్ అడిగితే, 1976 అని చెప్పిన. పెద్దగ కడిగించి, వెనక ఇంకుతోని రాసి, సంతకం కూడా పెట్టిన. నాకెట్ల ఎరుక? ఎరుక లేదు. మనిషి 78ల పోయిండు కాబట్టి ఫోటో అంతకు ముందుదే అయ్యుండాలె అనుకున్న, అంతే. ఒళ్లో పిల్ల ఎవరో తెలిసినోళ్ల బిడ్డ అయ్యుంటదని నేనే చెప్పిన, నేనే నమ్మిన. సత్తవ్వ ఆ ఫోటో గోడకు కొట్టి దండ వేసింది.

మరుసటేడు అక్బరీ బేగం ఆ బొమ్మ చూసి నవ్వింది. "అరే, గీ బాతులు నేను ఏపించినయే" అన్నది. పిల్ల కాళ్ల పక్కన, వెనకాల స్టూడియో పర్దా మీద రంగులతోని గీసిన చెరువుల రెండు బాతులు ఉన్నయ్. తన బిడ్డ యుమ్నా పుట్టిన ఏడు, పర్దా ఉత్తగ బోసిగ ఉన్నదని పెయింటర్‌తోని పట్టుబట్టి ఏపించిందట. యుమ్నా పుట్టింది 1983ల. పుట్టిన సర్టిఫికెట్ నేను కండ్లార చూసిన. పాత పర్దా ఉన్న నెగెటివ్‌లు తీసి చూస్తే ఒక్కదాంట్ల కూడా బాతులు లేవు.

అంటే గోదావరిల పోయిన మనిషి, తక్కువల తక్కువ ఐదేండ్ల తర్వాత, ఉట్నూర్‌ల బిడ్డను ఒళ్లో పెట్టుకొని కూసున్నడు.

ఎవరికీ చెప్పొద్దని అక్బరీ బేగంను బతిమాలుకున్న. "నేను చెప్ప. గనీ ఎవరన్న అడిగితే అబద్ధం గూడ చెప్ప భాయ్" అన్నది. ఎవరూ అడగలే. రెండేండ్లయింది. మొగడు బతికుండంగనే ముండమోసిందని అనిపించుకున్న అని తెలిస్తే ఆమె గుండె ఆగిపోతదేమోనని నా భయం. సంపత్ ఫోన్ చేస్తే ఎత్తుతలేను. నా గుండెల మూడు కాడ అడ్డం పడ్డదని డాక్టర్లు చెప్పిన్రు. నాలుగోది వాళ్ల మిషన్‌ల కనబడలే.

కాబట్టి నా తదనంతరం నిఖిత ధర్మపురికి పోయి, సత్తవ్వకు ఈ సంగతి నిదానంగా

పై వాక్యం నేనే ఆపేసి, కొట్టేసిన. నోరున్న నేను రెండేండ్లల్ల చెప్పలేని మాటను, నేను పోయినంక ఒక ఆడపిల్ల నెత్తిన పెడుతున్న. ఇట్ల రాసుడు ధర్మం కాదు.

నవంబర్ 13, గురువారం.

5. నిన్న ధర్మపురికి పోయొచ్చిన. ప్రయాణం చెయ్యొద్దని డాక్టర్ చెప్పి ఉండె. నేను చెప్పులు వేసుకుంటుంటే, నాలుగు దినాల నుంచి మాట్లాడని రోజారాణి గోలీల డబ్బా పట్టుకొని వచ్చి కారుల కూసున్నది. ఎక్కడికని కూడా అడగలే. రాయపట్నం బ్రిడ్జి దాటినంక అంతా చెప్పిన. "రెండేండ్లు గిది కడుపుల పెట్టుకొని నిద్ర ఎట్ల పోయినవయ్యా" అన్నది. పోలే అని చెప్పిన.

సత్తవ్వ అర్రల మంచం మీద మమ్మల్ని కూసోబెట్టి, తాను కింద కూసున్నది. సంపత్ పనికి పోయిండు. నేను ఫోటో చూపెట్టి బాతుల సంగతి చెప్పిన. యుమ్నా పుట్టిన ఏడు చెప్పిన. రోజారాణి ఒక చెయ్యి నా మీద, ఒక కన్ను ఆమె మీద పెట్టి కూసున్నది.

సత్తవ్వ బాతుల దిక్కు చూసింది. "నిజంగ గప్పుడే ఏసిన్రా గివి?" అన్నది.

అవునక్కా, అన్న.

"అంటే ఆయన గోదాట్ల దుంకలే."

దుంకలే, అన్న.

"నా మాటకు సావలే."

ఆ మాట నాకు తట్టనే లేదు. రెండేండ్లు ప్రతి రాత్రి ఆమె ఏమైతదో అని వంద తీర్ల ఊహించిన నాకు, ఈ ఒక్కటి తట్టలే. నలభై ఏడేండ్లు ఆమె మోసింది రంకుమొగని బాధ కాదు, ముండమోసిన బాధ కూడా కాదు. ఒక మనిషిని మాటతోని చంపిన అనే బాధ.

ఆమె ఏడ్వలే. లేచి దండ తీసి మూలకేసింది. తర్వాత మొగణ్ని తిట్టింది. నిలబడి, పేరు పెట్టి, అత్తను కలిపి, చెప్పులు ఒడ్డు మీద ఇడిచిన తెలివిని కలిపి, ఆపకుండ తిట్టింది. పక్కింటి శంకరవ్వ తొంగి చూస్తే, "సచ్చిండనుకున్నోడు సావలేదటనే" అని ఆమెకూ చెప్పింది. నీళ్లు తాగింది. అప్పుడు నా దిక్కు తిరిగింది.

"నీకెప్పటి సంది ఎరుక సారూ?"

రెండేండ్లు.

"మరెందుకు దాసినవ్?"

నీకు బాధైతదని అక్కా, అన్న.

"నా బాధ ఎంతనో నాకెరుక. కొలువనీకి నువ్వెవలు?"

ముప్పై నాలుగేండ్లు బాయిల కొలతలు తీసినోణ్ని. ఈ వీలునామా చదివేటోళ్లందరికీ, ముఖ్యంగా నిఖితకు, నేను ఒప్పుకుంటున్న: ఆమె రెండేండ్ల నిమ్మళాన్ని దాచుకున్నది నేనే. భయపడ్డది ఆమె కోసం అనుకున్న. నా కోసం.

మేము తిరిగొచ్చేటప్పుడు సత్తవ్వ గడప కాడ ఆపి, ఫోటోల పిల్లను వేలుతోని చూపెట్టింది. "గీ పోరి ఎవలో. దీనికైన వాని అసలు పేరు ఎరుకనో లేదో. ఎతుకుండ్రి. దొరికితె నా కాడికి తోలుండ్రి. నా కొడుక్కు చెల్లె గద. కొట్టనని చెప్పుండ్రి."

6. కాబట్టి సదరు బొమ్మ అసలు నెగెటివ్, ఫోటోలోని ఆడపిల్లకు చెందవలెను. సలహా కోసం పోతే, పేరు లేని మనిషికి ఎట్ల రాస్తరు సార్ అని డాక్యుమెంట్ రైటర్ అడ్డం పడ్డడు. అందుకే గుర్తులు రాస్తున్న: 1983ల గానీ ఆ తర్వాత గానీ ఉట్నూర్‌ల ఫోటో దిగిన పిల్ల, అప్పటికి వయసు నాలుగేండ్ల దాకా, ఇప్పుడు నలభై ఆరు దాటదు. చూపు కెమెరా దిక్కు లేదు, తండ్రి మొఖం దిక్కు ఉన్నది. గౌను మీద గుండ్రటి చుక్కలు. కుడి కాలికి పట్టీ ఉన్నది, ఎడమ కాలికి లేదు. ఉట్నూర్, జైనూర్ దిక్కు ఊర్లల్ల ఎడమ చేతికి రెండు వేళ్లు లేని ఎడ్ల బేరగాణ్ని తండ్రి అని పిలిచిన ఆడమనిషి ఎవరున్నా ఆమెనే. నిఖిత, ఫర్దీన్ కలిసి ఆమెను వెతకవలెను. దొరికినప్పుడు ముందు ఆమె తండ్రి పేరు చెప్పవలెను, తర్వాత అన్న ఉన్నడని చెప్పవలెను, తర్వాత సత్తవ్వ మాట చెప్పవలెను. ఆమె వినను పొండి అంటే, నెగెటివ్ చేతిల పెట్టి రావలెను. దాచవద్దు.

7. పేరు దొరకని ఈ పిల్ల బొమ్మ పోను, మిగిలిన రెండు వందల పదకొండు బొమ్మల మీద, గ్యారంటీగా తెల్వని ఏడాదిని ఎవరూ ఇంకుతో రాయరాదు.

నవంబర్ 14, శుక్రవారం.

8. సత్తవ్వకు నా వస్తువుల్లోంచి ఏమన్న రాస్తనంటే వద్దన్నది. ఏమీ తీసుకోదు కాబట్టి సాక్షిగా ఉండడానికి చట్టం ప్రకారం అడ్డు లేదు. ఉండుమని అడిగిన. ఇయ్యాల పొద్దున సంపత్ బండి మీద కూసొని వచ్చింది. రాసిందంతా చదివి వినిపించిన. తిట్లు తగ్గించి రాసినవన్నది.

ఆపరేషన్ ఇంకా మూడు దినాలున్నది. భయం పోలే. సోమవారం దాకా ఉంటది, తర్వాత ఎటైతే అటు.

ఇందులో రాసినదంతా నా ఇష్టపూర్వకంగా రాసి, చదివి వినిపించి, కింది సాక్షుల ముందు సంతకం చేసిన.

తారీకు: 14-11-2025, మంచిర్యాల.

(సంతకం) కొమ్మెర పర్శరాములు

సాక్షులు:

1. గుండేటి ఓదెలు, తండ్రి లింగయ్య, మంచిర్యాల. (సంతకం)

2. సత్తవ్వ, భర్త బుచ్చిరాములు, ధర్మపురి. భర్త పేరు ముందు "కీ.శే." అని రాయబోతే సాక్షి ఆపినది. ఎప్పుడు పోయిండో, అసలు పోయిండో లేదో తెలిసినంక రాయమన్నది. (సంతకం)