దొడ్డిదారి వైరు

మార్చి 4, ఉదయం

నిన్న సాయంత్రం స్టేజీ మీద నా ప్రీయాంప్ కింద పడిందట. ట్యూబు పగిలిందట. పాట మాత్రం ఆగలేదట.

మేనకోడలు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. డ్రమ్ములతను నీళ్ల సీసా కోసం లేచి కేబులు తన్నాడు. డబ్బా స్టూలు మీంచి దబ్బున పడింది. గాజు పెంకులు మేనకోడలి చెప్పుల దాకా వచ్చాయి. తను వాయిస్తూనే ఉంది, గిటారు మోగుతూనే ఉంది. జనం లేచి చప్పట్లు కొట్టారు. మైకులో నా గురించి చెప్పిందట, మా మావయ్య కట్టిన పెట్టె, గుండె పగిలినా గొంతు పోదు అని.

గాజు ముక్కలు ముట్టుకోకు, ప్లగ్గు పీకావా, లోపల రెండొందల వోల్టులుంటాయి అన్నాను. అదేం వినలేదు. నిన్ను ఈసారి స్టేజీ ఎక్కిస్తాను మావయ్యా అంది.

గర్వంగా ఉంది. రాసుకోవడానికి సిగ్గేమీ లేదు, ఇది నేను తప్ప ఎవరూ చదవని పుస్తకం. అరచేతి కంటే కాస్త పెద్ద ఇనప డబ్బా అది. గిటారు తీగ నుంచి వచ్చే బక్కపలచని శబ్దానికి ఒళ్లు పట్టించి, రంగు పులిమి, పెద్ద యాంప్‌కో స్టూడియో మిషన్‌కో పంపుతుంది. ముందు చిన్న కిటికీ, అందులో బొటనవేలంత ట్యూబు, నారింజ రంగు వెలుగు. జనం చెవులతో కొంటున్నామనుకుంటారు. కొనేది ఆ వెలుగుని చూసే.

మార్చి 4, మధ్యాహ్నం

ట్యూబు పగిలితే పాట ఎలా వచ్చింది?

మార్చి 6, ఉదయం పది

మేనకోడలు డబ్బా తెచ్చి ఇచ్చింది. బల్ల మీద పెట్టి నాలుగు స్క్రూలు విప్పాను. విప్పుతుండగానే తెలిసిపోయింది. పసుపు వైరు ఉండకూడని రంధ్రంలో ఉంది.

నా పని పద్ధతి ఇది. డబ్బా కట్టేటప్పుడు ముందు ట్యూబుని పక్కనపెట్టి, మిగతా సర్క్యూటు సరిగ్గా ఉందో లేదో చూసుకుంటాను. అందుకోసం శబ్దం ట్యూబులోకి వెళ్లకుండా పక్క నుంచి తప్పించుకుపోయేలా ఒక పసుపు వైరు పెడతాను. దాన్ని దొడ్డిదారి వైరు అంటాను. పరీక్ష అయ్యాక దాని కొస పీకి పక్క రంధ్రంలో టంకం వేస్తే శబ్దం రాజమార్గంలో, అంటే ట్యూబులోంచి, వెళుతుంది. అంతే. అర నిమిషం పని.

ఆ అర నిమిషం పని నేను చేయలేదు.

అంటే ఏడాదిగా ఆ ట్యూబు ఊరికే వెలిగింది. పెళ్లిలో పనేమీ లేకుండా అటూ ఇటూ తిరిగే పెద్దమనిషిలా. పనంతా వెనకనున్న రెండు చిన్న ట్రాన్సిస్టర్లు చేసుకుపోయాయి. ఒక్కొక్కటీ పెసరగింజంత ఉంటుంది. ట్యూబులు కట్టేవాళ్లం నలుగురిలో తక్కువ చేసి మాట్లాడేది వాటి గురించే.

నేను ఈ విద్య ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పదిహేనేళ్ల వయసులో పాత కాగితాల కొట్టులో దొరికిన రేడియో పుస్తకం, మొదటి ముప్పై పేజీలు చిరిగిపోయినది, అదే నా గురువు. ముప్పై ఒకటో పేజీ నుంచి మొదలుపెట్టాను. ఆ ముప్పైలో ఏముందో ఈ నాటికీ తెలియదు. బహుశా ‘పని పూర్తయ్యాక మళ్లీ ఒకసారి చూసుకోవలెను’ అని ఉండేదేమో.

మార్చి 6, సాయంత్రం

వైరు మార్చాను. కొత్త ట్యూబు పెట్టాను. పెన్సిలు పరీక్ష చేశాను. వెలుగుతున్న ట్యూబు మీద పెన్సిలు కొసతో తడితే స్పీకర్లో వినిపిస్తుంది. చెడ్డ ట్యూబైతే గంటలా టింగుమని మోగుతుంది. మంచిదైతే మెత్తగా టప్ అంటుంది. నాకు అసలేమీ వినపడలేదు. ఎంత నిశ్శబ్దమైన ట్యూబు! ఈ మధ్య అన్నీ ఇలాగే వస్తున్నాయి, మంచి బ్యాచ్.

తనకి చెప్పాలా వద్దా? ఇప్పుడు డబ్బా సరిగ్గానే ఉంది కదా. సరిగ్గా ఉన్నదాని గురించి చెప్పేదేముంది.

మార్చి 7

వచ్చి తీసుకెళ్లింది. ఏం చేశావు మావయ్యా అంది. ట్యూబు మార్చి దుమ్ము దులిపాను అన్నాను.

దాని వయసు ముప్పై నాలుగు. పన్నెండేళ్లుగా ఇంకొకళ్ల పాటల వెనక నిలబడి వాయిస్తోంది. వచ్చే వారం మొట్టమొదటిసారి తన సొంత రికార్డు, ఆరు పాటలు. ఒక్క గిటారు, ఒక్క డబ్బా, ఇంకేమీ లేదు. గడ్డం స్టూడియోలో మూడు రోజులు దొరికాయి. గడ్డం అంటే స్టూడియోవాడు. గడ్డం తీసేసి మూడేళ్లయింది, పేరు మాత్రం ఊడలేదు.

మార్చి 9

ట్యూబుల పార్సిలు రావాలి. పొద్దుట్నుంచి తలుపు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం చూస్తే తలుపు కింద చీటీ. ‘బెల్లు కొట్టాము. ఇంట్లో ఎవరూ లేరు.’ అబద్ధాలకోరు వెధవలు అన్నాను. మా ఆవిడ చీటీ చదివి, వాళ్లు రాసింది నిజమేనండీ, మీరున్నా ఒకటే లేకున్నా ఒకటే, మూడుసార్లు మోగింది, నేను స్నానాల గదిలోంచి అరిచాను కూడా అంది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావని అడిగాడట, ఆ శంఖం ఊదేదాన్ని నేనేనంది.

బెల్లు పాడైంది. చూడాలి.

మార్చి 11

మేనకోడలి ఫోను. డబ్బా తనది కాదేమో అనిపిస్తోందట. మెత్తగా మీటితే మాట రావట్లేదు, గట్టిగా మీటితే గరగరమంటోంది. ఇదివరకు ఒక్క తీగని పది రకాలుగా పలికించేదాన్ని, ఇప్పుడు అన్నీ ఒకేలా బురదగా వస్తున్నాయి అంది. పైగా కాలు కదిపితే ఎక్కడో సన్నగా టింగుమంటోందట.

నిజం నాలిక చివరిదాకా వచ్చింది. వచ్చి, అక్కడ కూర్చుంది. కొత్త ట్యూబు కదమ్మా, కుదురుకోవడానికి టైం పడుతుంది అన్నాను. ఆ టింగు మీ ఇంట్లో కిటికీ ఊచలదై ఉంటుంది అని కూడా అన్నాను.

ఇంకొకటి రాయాలి, రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు. కిందటేడు డబ్బా ఇచ్చిన మొదటి వారమే, ట్యూబు రంగు పెంచే డ్రైవ్ నాబు ఎంత తిప్పినా తేడా రావట్లేదేం మావయ్యా అని అడిగింది. ట్యూబులోంచి వెళ్లని శబ్దానికి ఆ నాబు ఏం చేస్తుంది? విప్పి చూడాల్సింది. చూడకుండా, అది నాబుతో కాదమ్మా, నీ వేళ్లతో మాట్లాడుతుంది అన్నాను. ఆ మాట నాకే ఎంతో నచ్చింది. ఇంకో ఇద్దరు కస్టమర్లకి కూడా చెప్పాను.

అది నమ్మింది. నమ్మి ఏడాదంతా వేళ్లతోనే మాట్లాడించింది.

మార్చి 12

ట్యూబు కుదురుకుందా అని మెసేజ్ పెట్టాను. లేదు, నేనే కుదురుకోవాలేమో అని జవాబు.

మార్చి 14

స్టూడియోకి వెళ్లాను. రమ్మనలేదు, వెళ్లాను. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ.

రెండో రోజట ఇవాళ. మొదటి రోజు ఒక్క పాటా తేలలేదు. గడ్డం నాకు కుర్చీ వేసి, రండి పెద్దాయనా, మీ పెట్టెకి మీరే మందివ్వాలి అన్నాడు. అప్పుడు మేనకోడలు అద్దం అవతల నుంచి మైకులో, పెట్టెని ఏమీ అనకు, తప్పు నాదే, ఏడాదిగా వాయించినది ఇప్పుడు వాయించలేకపోతున్నానంటే నా చేతులే పాడయ్యాయి అంది. వేళ్లు కొరుక్కుంటోంది, చిన్నప్పటిలా. గోరు పక్కన నెత్తురు.

ఆడలేక మద్దెల ఓడన్నారని ఊరందరినీ వెక్కిరించాను నా జీవితమంతా. మద్దెల నిజంగా ఓడైతే తన కాళ్లని తిట్టుకునే మనిషిని ఇవాళే చూశాను. ఆ మద్దెల చేసినవాణ్ని నేను. గడ్డం టీ ఇచ్చాడు. తాగాను.

తర్వాత ఇది జరిగింది. మేనకోడలు పాట మధ్యలో పాదం మార్చింది. తెర మీద శబ్దాన్ని కొలిచే ఆకుపచ్చ గీత ఒక్కసారి ఎర్రబారి పైకి ఎగిరింది. గడ్డం మొహం చిట్లించాడు. అమ్మాయి కళ్లు గట్టిగా మూసుకుంది. ఇద్దరూ ఒకేసారి డబ్బా వైపు చూశారు.

నాకు ఏమీ వినపడలేదు.

మళ్లీ పాదం కదిలింది. మళ్లీ గీత ఎగిరింది. మళ్లీ ఏమీ లేదు. మోగిందా అని గడ్డాన్ని అడిగాను. అతను నా వైపు వింతగా చూసి, పక్కవీధికి వినపడింది కదండీ అన్నాడు.

మార్చి 15, ఉదయం

మీటరు తగిలించి చూశాను. అరలో ‘నిశ్శబ్దం’ అని నా చేత్తో చీటీ అంటించిన ట్యూబులు తొమ్మిది. పెన్సిలుతో తడితే ఏడింటికి ముల్లు చివరిదాకా కొట్టుకుంది. మంచి బ్యాచ్ కాదు. మంచి చెవులు కావు. గట్టి మాట అందుతోంది, సన్నని మోత అందట్లేదు.

బెల్లు కూడా పాడవలేదు.

మంచి ట్యూబైనా కొంచెం టప్ అనాలి. అసలేమీ వినపడకపోతేనే అనుమానించాలి. ఈ సంగతి నేను పదిమందికి నేర్పాను. నా దాకా వచ్చేసరికి నిశ్శబ్దం విని మురిసిపోయాను. కిందటేడు వైరు మర్చిపోయినప్పుడు చెవులు ఉండుంటే ఆ పెన్సిలే పట్టిచ్చేది.

మేనకోడలిది కాక, ఈ ఏడాదిన్నరలో ఇచ్చిన డబ్బాలు పదకొండు. వాటిల్లో ఏం మోగుతున్నాయో.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఎంతసేపట్నుంచో తెలియదు. ఏమైనా అందేమో కూడా తెలియదు. దగ్గరికి వచ్చి, నా ఎదురుగా నిలబడి, పెదాలు బాగా కదుపుతూ, దానికి చెప్పండి అంది. దేని గురించో ఎలా తెలిసింది అంటే, నలభై ఏళ్లుగా మీ మొహమే కదా చదివేది, ఇంకో పుస్తకం కొన్నారా అంది.

మార్చి 16

మేనకోడలు ఇరవై ఐదో తారీఖుకి ఉన్న మూడో రోజు వద్దని గడ్డానికి చెప్పేసిందట. ఇంకెవరికైనా ఇచ్చేయమందట. సొంతంగా నిలబడే సరుకు కాదులే మావయ్యా నేను, వెనక నిలబడేదాన్నే అని నాతో అంది. నవ్వుతూ అంది. ఫోనులో నవ్వు నాకు బాగానే వినపడింది. కొన్ని వినపడకపోతే బాగుండును.

మార్చి 17, మధ్యాహ్నం పన్నెండు

చెప్పాను.

వాళ్ల వంటగదిలో. డబ్బా విప్పి, పసుపు వైరు చూపించి, మొదటి రంధ్రం ఇది, రెండో రంధ్రం ఇది అని, పిల్లలకి అక్షరాలు చూపించినట్టు. వైరు సంగతి చెప్పాను, నాబు సంగతి చెప్పాను, చెవుల సంగతి చివర చెప్పాను. అదే అన్నిటికన్నా కష్టమైంది. వైరు మర్చిపోవడం ఎవరైనా చేస్తారు. చెవులు పోయాక కూడా చెవుల పేరు చెప్పి బతకడం అందరూ చేయరు.

చాలాసేపు మాట్లాడలేదు. లేదా మాట్లాడి ఉంటే నాకు వినపడలేదు, అది కూడా ఇప్పుడు నమ్మకంగా రాయలేను. తర్వాత గట్టిగా అంది. వైరు పోతే పోయింది మావయ్యా, ఎవరికైనా జరుగుతుంది, కానీ మొన్న అద్దం ఇవతల నేను నా వేళ్లని తిట్టుకుంటుంటే నువ్వు అవతల కూర్చుని టీ తాగావు అంది.

అవును, తాగాను. అదే అన్నాను. ఇంకేం అంటాను.

గుమ్మం దాటుతుంటే వెనక నుంచి పిలిచింది. భుజం మీద తట్టి పిలిచింది, అప్పుడే నేర్చేసుకుంది. అంటే ఆ ఏడాదంతా ట్యూబు లేదా, అని అడిగింది. లేదు అన్నాను. మెత్తగా వచ్చినదీ, మొరటుగా వచ్చినదీ, అన్నీ? నీవే అన్నాను. నీ వేళ్లవే.

తలుపు వేసేసింది. మెల్లగానే వేసింది.

మార్చి 19

పదకొండు మందికీ ఫోన్ చేసి, సంగతి చెప్పి, డబ్బాలు తిరిగి పంపమనడం మొదలుపెట్టాను. ఒక్క మాటా జారిపోకుండా మా ఆవిడ పక్కన కూర్చుని వాళ్లు అన్నది కాగితం మీద రాసి చూపిస్తోంది. ఒకాయన అన్నది రాయనంది. పెద్దాయనని కూడా చూడలేదు, వదిలేయండి అంది. రాయమన్నాను. రాసింది. న్యాయమైన తిట్టే.

మార్చి 22

మేనకోడలు వచ్చింది. కూర్చోలేదు. డబ్బా బల్ల మీద పెట్టి, వైరు మళ్లీ దొడ్డిదారిలో పెట్టు అంది. పెట్టాను. ట్యూబు తీసెయ్, ఊరికే వెలగక్కర్లేదు అంది. తీశాను. కిటికీ ఖాళీగా, పన్ను ఊడిన నోరులా ఉంది. నల్ల టేపు వేయనా అంటే వద్దంది.

గడ్డం మూడో రోజు ఎవరికీ ఇవ్వలేదట. వస్తావని తెలుసు అన్నాడట.

మార్చి 25

ఒక్కరోజులో ఆరు పాటలూ అయిపోయాయి. నన్ను పిలవలేదు. మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పింది.

మార్చి 29, ఉదయం

వచ్చింది. ఈసారి కూర్చుంది. నా చేతిలోంచి పెన్సిలు లాక్కుని, తిరిగొచ్చిన డబ్బాల్లో మొదటిదాన్ని ముందుకు జరుపుకుంది. ట్యూబు మీద తట్టింది. నేను స్పీకరు వైపు చూడలేదు. దాని మొహం చూశాను. మొహం చిట్లించింది.

ట్యూబు పీకి చెత్తబుట్టలో పడేశాను. అది పడిన చప్పుడు ఎలా ఉందని అడిగాను. నోటితో అని చూపించింది.