ప్లీడరు గారింట్లో గురువారం భోజనం

ఒరేయ్ సూర్యం,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అమలాపురంలో ప్లీడరు గారింటికి వెళ్ళానురా. కాలేజీ రోజుల్లో ప్రతి గురువారం నీకు అన్నం పెట్టిన ఇల్లు కదా, నీ సంగతి చెప్పాలనిపించింది.

ప్లీడరు గారి భార్య నా మాట విని తెల్లబోయారు.

"మా ఇంట్లో వారాలబ్బాయిలెవరూ తినలేదండీ. ఇల్లు పొరబడ్డారేమో."

"ఇదేనండీ. గేటు దాకా నేనే దిగబెట్టేవాణ్ణి."

"ఆయ్, గురువారాలు ఓ కాలేజీ అబ్బాయి వచ్చి మంచినీళ్ళు అడిగేవాడండీ. రెండు చెంబులు తాగేసి వెళ్ళిపోయేవాడు. అతనేనా?"

అతనేనండీ అని చెప్పి, గేటు దాటి వచ్చేశాను.

కొత్తపేట బస్సులో మీ అమ్మగారు నీ ఒక్కడికని పంపే క్యారేజీయే మనిద్దరికీ తిండి. గురువారం మాత్రం నీకు వారం ఉందని అదంతా నాకే వదిలేసేవాడివి. తిరిగొచ్చి, పనసపొట్టు కూరలో ఆవ ఎక్కువైందనీ, పులుసు పలచబడిందనీ చెప్పేవాడివి.

అన్నం పెట్టిన ఇంటికి వంకలు పెడతావా, బుద్ధి లేదా అని నిన్ను తిట్టానురా. నీ క్యారేజీ ఖాళీ చేసి, కడుగుతూ తిట్టాను.