పేరెత్తిన పాపానికి

టెక్కలి,
జూలై 3

గౌరవనీయులైన గిద్యోను మావయ్యకి మీ అల్లుడు ప్రదీప్ కుమార్ వందనాలు.

ఇక్కడ నేనూ మీ అమ్మాయి నిస్సీ క్షేమం. నిస్సీకి ఐదో నెల. టెక్కలి నుంచి సుమ్మాదేవికి ఉత్తరమేమిటని పోస్టాఫీసులో నవ్వుతున్నారు. ఫోను చేస్తే మీకు వినపడదు. చెవిలో మిషను పెట్టుకోమంటే ఈల వేస్తోందంటారు. వద్దామంటే నాకు సెలవు లేదు.

నేనెందుకు చిక్కిపోయానని అత్తయ్య అడిగారట. జీడిచెట్టు కాండం తొలిచే పురుగు మీద పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. ఆ పురుగుకైనా నా మీద జాలి కలిగిందేమో కానీ కాలేజీకి కలగలేదు. ఆగస్టు ఆఖరుకి నా కాంట్రాక్టు అయిపోతుంది. మళ్లీ ఇవ్వాలంటే హెచ్ ఇండెక్స్ ఐదు ఉండాలన్నారు ప్రిన్సిపాల్ జానకిరామ్ గారు. నాది రెండు.

ఎవడు ఎంత గొప్ప శాస్త్రవేత్తో తేల్చే లెక్క అది. మనం రాసింది చదివి మిగతావాళ్లు మన పేరెత్తాలి. ఒక చోట ఎత్తితే చాలదు. మీకు తేలిగ్గా చెప్పాలంటే ఐదు చోట్ల, చోటుకి ఐదుగురికి తగ్గకుండా నా పేరెత్తాలి. పురుగు చచ్చిందా, చెట్టు బతికిందా అని ఎవరూ అడగరు. ఓపిక అయిపోయింది మావయ్యా. ఈ ఉద్యోగం పోతే బిడ్డ పుట్టే వేళకి నేను ఖాళీగా ఉంటాను.

మీ ప్రార్థనలో నన్ను జ్ఞాపకం చేసుకోండి.

మీ అల్లుడు,
ప్రదీప్

తా.క.: ఇంతవరకు నా పేరెత్తినవాళ్లలో ఒకాయన, నేను రాసిందంతా తప్పని చెప్పడానికి ఎత్తాడు. కంప్యూటరుకి తేడా తెలియదు, దాన్నీ కలిపేసుకుంది. ఆయన చల్లగా ఉండాలి.

*

సుమ్మాదేవి,
జూలై 15

ప్రభువునందు ప్రియమైన అల్లుడు ప్రదీప్‌కి మావయ్య గిద్యోను దీవించి రాయునది.

ఇంత చిన్న పనికి అంత దిగులా? లెక్కల మేస్టారుగా రిటైరైనవాణ్ణి, ఐదైదులెంతో నాకు తెలియదా? ఆదివారం మన సంఘంలో నిలబడి నీ పేరు చెప్పి, పేరెత్తి ప్రార్థన చెయ్యమన్నాను. మందసకి, పలాసకి, ఒడ్డునున్న రెండు ఊళ్లకి కబురు పెట్టాను. ఐదు సంఘాల్లోనూ ఐదుగురికి తగ్గకుండా ఎత్తారు. పలాసలో ఉత్సాహం ఎక్కువై పంతొమ్మిది మంది ఎత్తారు. ఎక్కువైతే నష్టం లేదు కదా?

ఇంకా కావాలంటే మొహమాటపడకుండా రాయి.

నీ శ్రేయస్సు కోరే
గిద్యోను

తా.క.: మూలపేట నుంచి చుట్టపుచూపుగా వచ్చినావిడ సరిగా వినపడక ‘ప్రసాదు’ అని ఎత్తిందట. దాన్ని కొట్టేశాను. లెక్క లెక్కే.

*

టెక్కలి,
జూలై 24

మావయ్యకి వందనాలు.

నా పేరెత్తాల్సింది వేరేవాళ్లు రాసే పరిశోధన వ్యాసాల్లో మావయ్యా, ప్రార్థనల్లో కాదు. తప్పు నాదే, తేలిగ్గా చెప్పబోయాను. కానీ ఇంటికో కిడ్నీ రోగి ఉన్న మన ఉద్దానంలో కుర్రాడి పేరెత్తి ప్రార్థన చేశారంటే జనం ముందు అడిగేది కిడ్నీల సంగతే. అది మీకు తెలియనిదా?

వారం రోజులుగా మా ఇంటికి పరామర్శలు. మీ ఊళ్లో చేపలమ్మే ఎర్రమ్మ బస్సెక్కి వచ్చింది. "ఏటి బాబూ ఇలగైపోనావు, ఎన్నాళ్ల బట్టి దాసుకున్నావు?" అని ఏడ్చింది. నాకేమీ లేదంటే, "అందరూ ముందు అలాగే అంతారు" అంది. తన వెంట కొబ్బరి బోండాలతో వచ్చిన పైడితల్లిని "కిడ్నీలోడికి బోండాలేటే" అని కసిరింది. వెళ్తూ వెళ్తూ మా వంటింట్లోని ఎండుచేపలు, ఆవకాయ జాడీ పట్టుకుపోయింది. ఉప్పు నాకు విషమట. నిస్సీ ఆవకాయ కోసం బెంగ పెట్టుకుంది.

కాలేజీలోనూ తెలిసిపోయింది. అక్కడ నా గదిలోనే పనిచేసే ఢిల్లీరావు నేను లేనప్పుడు నా కుర్చీలో కూర్చుని, తనకి సరిపోతుందో లేదో చూసుకుంటున్నాడు.

దయచేసి నాకు జబ్బు లేదని అందరికీ చెప్పండి.

మీ
ప్రదీప్

తా.క.: పలాస వాళ్ల పంతొమ్మిది సంగతి అడిగారు. హెచ్ ఇండెక్స్‌లో ఎక్కువైనవి దండగ. వాళ్లకి చెప్పకండి, బాధపడతారు.

*

సుమ్మాదేవి,
ఆగస్టు 4

ప్రియమైన అల్లుడికి దీవెనలు.

నీ ఉత్తరం చదివి సిగ్గుపడ్డాను. ఆదివారం ఆరాధన కాగానే లేచి, "మా ప్రదీప్‌కి ఏ జబ్బూ లేదు, ఇక ఎవరూ పేరెత్తొద్దు" అని గట్టిగా చెప్పాను. గుడంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. నాకు చెవుడు కదా, అది నాకు ఎలా తెలిసిందంటే అందరి నోళ్లూ ఒకేసారి మూతబడ్డాయి.

తర్వాత ఒక్కొక్కరే వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "ఆశొదిలేసుకున్నారేటి మేస్టారూ?" అని మన అప్పలరాజు నా చెవిలో అరిచాడు. ఎంత చెప్పినా వినలేదు. శుక్రవారం ఉపవాస కూడిక పెట్టుకున్నారు. మీ కాలేజీలో చదివే పిల్లలు కూడా వస్తారట.

కొన్నాళ్లు ఓపిక పట్టు. నువ్వు లావెక్కితే వాళ్లే నమ్ముతారు.

నీ
గిద్యోను

తా.క.: మీ అత్తయ్య మగ్దలీన నాలుగు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. "నా దగ్గిర కూడా దాస్తన్నారు" అని పక్కింట్లో చెప్పుకుందట. చెవిటివాడికి భార్య మాట్లాడకపోతే తెలియదనుకోకు. తెలుస్తుంది.

*

టెక్కలి,
ఆగస్టు 13

మావయ్యకి వందనాలు.

నిన్న సాయంత్రం ప్రిన్సిపాల్ గారు పళ్లు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. "నాకేమీ లేదు సార్" అన్నాను. ఆయన కళ్లు తుడుచుకున్నారు. "మీ ధైర్యానికి దండం పెట్టాలి" అని ఒక కాగితం చేతిలో పెట్టారు. కాంట్రాక్టు ఇంకో ఏడాది ఇచ్చారు. ఆరోగ్య కారణాల వల్ల హెచ్ ఇండెక్స్ నుంచి మినహాయింపు.

మళ్లీ చెబుదామని నోరు తెరిచాను. నిస్సీ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. తెరిచిన నోరు మూసేశాను. తప్పని తెలుసు మావయ్యా. రాత్రి అన్నం సయించలేదు. పదకొండేళ్లు ఎండలో తోటల వెంట తిరిగితే రాని కాగితం, లేని జబ్బుకి వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

ఆయన మిమ్మల్ని కూడా కలుస్తానన్నారు, నన్ను విశాఖపట్నం ఆసుపత్రికి పంపే విషయం మాట్లాడటానికి. వస్తే మీరేమీ చెప్పకండి. చెవుడని ఊరుకోండి. ఎలా బయటపడాలో నేను ఆలోచిస్తాను.

మీ
ప్రదీప్

తా.క.: కాలేజీ మెట్లెక్కేటప్పుడు ఆయాసపడుతున్నాను. మొదట్లో నటన. ఇప్పుడు నిజంగానే వస్తోంది.

*

సుమ్మాదేవి,
ఆగస్టు 20

ప్రియమైన అల్లుడికి దీవెనలు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఆయన సోమవారం వచ్చారు.

నేనేం చేసేది? "అల్లుడి జబ్బుకి ఏం చేద్దామండీ?" అని ఆయన నా చెవి దగ్గర అరిచారు. "జబ్బేటి బాబూ? మావోడికి జబ్బు నేదు. హెచ్ ఇండెక్సు తక్కువ" అని నేనూ అరిచాను. ఐదు సంఘాలూ, ఐదేసిమందీ, పలాస పంతొమ్మిదీ, అన్నీ చెప్పేశాను. మీ అత్తయ్య అక్కడే ఉండి వింది. వెంటనే ఆయనకి మజ్జిగ, నాకు మాట, రెండూ దొరికాయి.

ఆయన తల దించుకుని మజ్జిగ గ్లాసు కింద పెట్టేశారు. నీ పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు తలెత్తి, "పేరెత్తితే పెరుగుతాదా మేస్టారూ?" అన్నారు.

"మావోడిది రెండు. మీకెంత?" అని అడిగాను. ఆయన ఏదో గొణిగారు. "ఏటి?" అన్నాను. మళ్లీ గొణిగారు. "ఏటి బాబూ?" అన్నాను. "ఒకటి!" అని కేకేశారు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది.

పాపం, పైవాళ్లు ఆయన్నీ అదే లెక్క అడుగుతున్నారట. కాలేజీలో చెప్పుకోలేరు, ఇంట్లో చెప్పుకోలేరు. అందుకే నిన్ను అంతలా పీడించానని ఒప్పుకున్నారు. కాంట్రాక్టు వెనక్కి తీసుకోరట. కానీ ఆరోగ్యమన్న ముక్క కొట్టేసి, జీడి పురుగు పని సగంలో ఉంది కాబట్టి ఇస్తున్నామని మార్చి రాస్తారట. ముందు నువ్వు వెళ్లి నిజం చెప్పాలి. "ఆ మాట ప్రదీప్ నోటంట వినాలనుంది" అన్నారు. ఈ ఉత్తరం మడిచిపెట్టి వెంటనే వెళ్లు. మెట్లు నెమ్మదిగా ఎక్కు.

నీ శ్రేయస్సు కోరే
గిద్యోను

తా.క.: ఆయన గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. ఏదో అడగాలని ఉంది, అడగలేకపోతున్నారు. నేనే దగ్గరికెళ్లి చెవి ఒగ్గాను. "నేను హిందువునండీ. ఆదివారం నా పేరు కూడా ఎత్తితే పర్లేదా?" అన్నారు. ఈసారి అరవలేదు. అయినా నాకు వినపడింది. "అలిసిపోయినోడికి మతమేటి బాబూ, నోపలికొచ్చి కాసేపు కూకోండి" అన్నాను.